శాపగ్రస్తుడైన యజమాని కథ రాస్తున్న మేనకోడలికి

నరసాపురం

చిరంజీవి మేనకోడలికి,

మేనత్త ఆశీస్సులు. నువ్వు పంపిన నవల మొదటి భాగం చదివాను. యజమానికి సహాయకురాలిగా పనిచేసే నీ కథానాయిక నాకు చాలా నచ్చింది. పని తెలిసిన పిల్ల, మాట పడని పిల్ల. ఇలాంటి అమ్మాయి దొరికిందంటే సగం నవల చేతికి వచ్చినట్లే. ఆమె పనిచేసే ఆఫీసు మాత్రం నచ్చలేదు. ఆ యజమానికి తగిలించిన శాపం అసలే నచ్చలేదు. రొయ్యల కంపెనీ లెక్కల విభాగంలో ఉద్యోగం చేస్తూ, వారపత్రికలకు సీరియళ్లు రాస్తూ ఇన్నేళ్లు గడిపినదాన్ని కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను. మనసు కష్టపెట్టుకోకుండా చదువు.

ఊరి పేరు భీమవరం అన్నావు. తీరా చూస్తే ఇరవయ్యో అంతస్తులో అద్దాల గది, చీకటి పడితే తోడేలైపోయే యజమాని. ఆ గది ఏ దేశంలోనైనా ఉండవచ్చు, ఆ తోడేలు ఏ అడవిలోనైనా తిరగవచ్చు. భీమవరంలో చీకటి పడితే ఏం జరుగుతుందో నీకు తెలియనిది కాదు. చెరువుల్లో రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతాయి, గట్ల మీద దీపాలు వెలుగుతాయి, కరెంటు పోతే జనరేటర్ల కోసం పరుగులు మొదలవుతాయి. ఇంత భయం, ఇంత ఆశ కళ్లెదుట ఉండగా తోడేలు మనకెందుకు? శాపం ఈ నేల నుంచే, ఈ నీటి నుంచే పుట్టాలి. అంతకంటే ముఖ్యంగా, అతను చేసే పనిలో నుంచి పుట్టి, ఆ పనిలోనే తీరాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది అంతా ఇదే. మిగిలినవి దీని వెంట వచ్చే వివరాలు.

మన పురాణాల్లో, కావ్యాల్లో శాపం ఊరికే తగలదు. ఒకరికి అన్యాయం జరుగుతుంది, అన్యాయం పొందిన నోటి నుంచే మాట వస్తుంది, ఆ మాట తప్పుకు సరిగ్గా సరిపోతుంది. నహుషుడు ఋషుల చేత పల్లకీ మోయించి, వేగం చాలలేదని అగస్త్యుణ్ణి కాలితో తన్నాడు. మనుషుల భుజాల మీద తిరిగినవాడు కొండచిలువై నేల మీద పాకాడు. కాళిదాసు మేఘసందేశంలో కుబేరుడు కొలువులో ఏమరిన యక్షుణ్ణి ఏడాది పాటు భార్యకు దూరం చేశాడు. భార్యతో ఉన్న జింకను, ముని అని తెలియక, కొట్టిన పాండురాజు తన భార్యను చేరితే ప్రాణం పోయే స్థితికి వచ్చాడు. నీ కథలో యజమానికి శాపం ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో లేదు. ఏదో వంశపారంపర్యం అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అలా అయితే అతని మీద జాలి తప్ప మరేమీ పుట్టదు. జాలి మీద నడిచే ప్రేమకథ పదో అధ్యాయానికే నీరసిస్తుంది.

నీ కథకు సరిపోయే శాపం భీమవరంలోనే ఉంది. గుణుపూడి సోమారామం పంచారామాల్లో ఒకటి. అక్కడి శివలింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు ముదురు రంగులో కనిపిస్తుందని భక్తులు చెబుతారు. దాన్ని ప్రతిష్ఠించినవాడు చంద్రుడని స్థలపురాణం. ఆ చంద్రుడి తప్పేమిటో గుర్తుచేసుకో. దక్షుడి కూతుళ్లు ఇరవై ఏడుగురిని పెళ్లాడి, రోహిణి ఒక్కదాన్నే ఆదరించాడు. మిగిలినవాళ్లు తండ్రితో మొరపెట్టుకుంటే, క్షయించిపొమ్మని దక్షుడు శపించాడు. చేతికింద ఉన్నవాళ్లలో ఒకరికి ఎక్కువ, మిగతావాళ్లకు తక్కువ చేసినందుకు పడిన శిక్ష అది. ఆఫీసు కథకు ఇంతకంటే దగ్గరి శాపం ఇంకేం కావాలి?

ఇక నీ యజమానిని రొయ్యల ఎగుమతి కంపెనీలో కూర్చోబెట్టు. ముప్పై దాటినవాడు, తండ్రి తర్వాత వ్యాపారం చేతికి వచ్చినవాడు. 1990ల్లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు ఆ తండ్రి రైతులకు బాకీ పడ్డాడనుకో. రైతులు గొంతు మీద కూర్చోకుండా ఆగారు. 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక కంపెనీ మళ్లీ లేచింది. అప్పుడు ఆగిన రైతుల పిల్లల దగ్గరే ఇప్పుడు కొడుకు కౌంటులో కోత పెడుతున్నాడు. కౌంటు సంగతి పాఠకులకు ఒక్కసారి విడమరిచి చెప్పు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద కౌంటు అంటే చిన్న రొయ్య, ముప్పై కౌంటు అంటే పెద్దది, ధర అంతా ఆ అంకె మీదే నడుస్తుంది. శాంపిలు ఎక్కడ ముంచారన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ అవుతుంది. అతను కావలసినవాళ్లకు ఒక రకంగా, కానివాళ్లకు ఇంకో రకంగా ముంచమని మనుషులకు చెప్పాడు. శపించేది ఋషి కానక్కరలేదు. చెరువు కౌలుకు తీసుకుని, పంట కాలమంతా ఏరియేటర్ల చప్పుడు వింటూ గట్టు మీదే మెలకువగా ఉన్న ఒక నడివయసు ఆడమనిషి చాలు. ఆ జాగారమే ఆమె తపస్సు. కాటా చీటీ చేతికిచ్చినప్పుడు ఆమె అంటుంది: "ఇంతమందిలో కొందరినే మనుషులుగా చూశావు బాబూ. చంద్రుడు తరిగినట్టు నువ్వూ తరిగిపో. నీ మాట, నీ గుర్తు ఎక్కడా నిలవకుండా పోవాలి." పక్కన ఉన్న ముసలి రైతు అడ్డుపడి, బాబుకు దారి చెప్పమని బతిమాలితే, "అందరినీ ఒకే కాటాలో తూచిన రోజున తీరుతుంది" అంటుంది. విమోచన మార్గం శాపంతో పాటే చెప్పెయ్యి. దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం మన కథల పద్ధతి కాదు. దారి తెలిసి కూడా నడవలేకపోవడంలోనే కథ ఉంటుంది.

శాపం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూడు. పున్నమి దాటిన నాటి నుంచి అతని సంతకం పలచబడుతుంది. సప్తమికి సిరా వెలిసిపోతుంది, ఏకాదశికి గీతలు తెగుతాయి, అమావాస్యనాడు చెక్కు మీద తెల్ల కాగితం తప్ప ఏమీ ఉండదు. సంతకం ఒక్కటే అయితే పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు, ఆన్‌లైన్‌లో డబ్బు వేయవచ్చు కదా అని. అందుకని మనిషిని గుర్తించడానికి ఆఫీసుకు ఉన్న సాధనాలన్నీ అతనికి మూసెయ్యి. హాజరు యంత్రం వేలిముద్ర ఒప్పుకోదు. ఫోనులో అతని గొంతు అవతలివాళ్లకు గాలి వీచినట్టు వినిపిస్తుంది. గేటు దగ్గర కాపలాదారు ఎవరు కావాలండీ అని అడుగుతాడు. శుక్లపక్షంలో ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. మాయ ఇంతకు మించవద్దు. ఒకే మాయ పెట్టి, దాని నియమం ఎక్కడా తప్పకుండా నడిపితే చదివేవాళ్లు నిన్ను నమ్ముతారు. నీ మొదటి భాగంలో తోడేలుతో పాటు మాట్లాడే గద్ద, మంత్రపుటుంగరం కూడా ఉన్నాయి. తీసెయ్యి.

ఈ సంగతి సహాయకురాలికి ఎలా తెలుస్తుంది? నువ్వు ఆమెకు పుట్టుకతో ఏదో దివ్యదృష్టి ఉన్నట్టు రాశావు. వద్దమ్మా. పని తెలిసిన పిల్లను చేశావు కదా, ఆ పనే ఆమెకు కళ్లు. చెక్కుల నకళ్లు ఫైలు చేసేది ఆమె. రైతులు ఫోను చేసి డబ్బులు ఎప్పుడు పడతాయమ్మా అని అడిగేది ఆమెను. ఆమె బల్ల ఎదుట గోడ మీద ఐసు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన తెలుగు క్యాలెండరు వేలాడుతుంటుంది. ఒక మధ్యాహ్నం, తిరిగివచ్చిన చెక్కులన్నీ తేదీల వారీగా బల్ల మీద పరుస్తుంది. ఒకదాని పక్కన ఒకటి, ఎడమ నుంచి కుడికి. ఎడమవైపు సంతకం నల్లగా, దిట్టంగా ఉంది. తర్వాతిది బూడిద రంగులో, ఆ తర్వాతిది పెన్సిలుతో గీసినట్టు. చివరి చెక్కును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి ఏటవాలుగా పట్టుకుంటే, కాగితం మీద పాళీ నొక్కిన గాడి మాత్రం తగులుతుంది. సిరా లేదు. ఆమె తల ఎత్తి క్యాలెండరు చూస్తుంది. తేదీల కింద చిన్న అక్షరాల్లో ఉన్న తిథులు చూస్తుంది. ఈ దృశ్యాన్ని తొందరపడకుండా రాయి. రెండు మూడు పేజీలు తీసుకున్నా ఫరవాలేదు. నీ నవలకు ఇది ఆయువుపట్టు.

ఇప్పుడు ఇబ్బందికరమైన విషయం. మొదటి భాగంలో యజమాని ఆమె మీద అరుస్తాడు, చేయి పట్టి లాగుతాడు, రాత్రి పొద్దుపోయేదాకా ఉండమంటాడు. అదంతా శాపం వల్లేనని తర్వాత తేలుతుంది. ఆ పేజీలు చదువుతుంటే నాకు కోపం వచ్చింది. అతని శాపం అతనిది. ఆమె చేయి ఆమెది. మన ఊళ్ల నుంచి ఎంతమంది ఆడపిల్లలు పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని రైలెక్కుతున్నారో చూస్తూనే ఉన్నావు. వాళ్లలో కొందరైనా నీ నవల చదువుతారు. అరిచే యజమాని లోపల మంచివాడేనని, ఓర్చుకుంటే మారతాడని వాళ్లకు నువ్వు చెప్పకూడదు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు 1997లో వచ్చాయి, చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ప్లాంటులో తలలు తీసేవాళ్లు, పొట్టు ఒలిచేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి, ఆ కమిటీని కథలోకి తీసుకురా. మీ అమ్మాయి అందులో సభ్యురాలైతే ఇంకా మంచిది. అప్పుడు ఆమె యజమానికి దగ్గరవుతుంటే ఒలుపు హాలులో ఆడవాళ్లు ఏమనుకుంటారు? రేపు మా ఫిర్యాదు వింటావా అని ఒకామె ముఖం మీదే అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండకూడదు.

ఇక్కడే నీ ప్రేమకు, శాపానికి ముడి పడుతుంది. శాపం పక్షపాతానికి పడింది. అతను ఆమెను ఇష్టపడిన క్షణం నుంచి, ఉద్యోగులందరిలో ఒకరిని ఎక్కువగా చూస్తున్నాడు. అంటే అదే తప్పు మళ్లీ చేస్తున్నాడు. ఆ నెల సంతకం సప్తమికి కాకుండా తదియకే వెలిసిపోతుంది. ఎందుకో అతనికి అర్థం కాదు, క్యాలెండరు చూసే ఆమెకు అర్థమవుతుంది. తనను చూసినప్పుడల్లా అతను తరిగిపోతున్నాడని తెలిసిన అమ్మాయి ఏం చేస్తుంది? సెలవు పెడుతుందా, కఠినంగా మాట్లాడుతుందా, ఇంకో విభాగానికి మార్చమని అడుగుతుందా? ఇవన్నీ చేయనివ్వు. పాఠకులు పేజీ తిప్పకుండా ఉండలేరు.

నడిమి భాగానికి బయటి ఒత్తిడి కూడా కావాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే కాబట్టి ఆ దెబ్బ చెరువు గట్టు దాకా తగిలింది. డబ్బు చాలనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి అన్న ప్రశ్న అతని ముందు పెట్టు, అది కృష్ణపక్షంలో పెట్టు. ఆ రోజుల్లో అతని మాట నిలవదు కాబట్టి జాబితా ఆమె రాయాలి. రాస్తూ ఆమె చేయి ఆగుతుంది, జాబితాలో వీరవాసరంలోని ఆమె మేనమామ పేరు కూడా ఉంది. పక్షపాతం ఎంత సులువో తన చేత్తోనే తెలుసుకుంటుంది. ఆమెను మరీ దేవతను చేయకుండా ఉండడానికి ఇది పనికొస్తుంది.

ప్రేమ ఎక్కడ పుట్టాలో చెబుతాను. నువ్వు రాసిన లిఫ్టు దృశ్యం తీసెయ్యి, అది ఎవరైనా రాస్తారు. అమావాస్య రాత్రి రాయి. అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య గుల్ల వదులుతుందని రైతులు కనిపెట్టుకుని ఉంటారు. గుల్ల వదిలిన రొయ్య మెత్తగా ఉంటుంది, దానికి గాలి ఎక్కువ కావాలి, ఆ రోజుల్లో పట్టుబడి పెడితే, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మితే, ధర కోస్తారు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయింది, జనరేటరు పలకలేదు. ఆ చెరువు శపించిన మనిషిదే. రొయ్యలు అంచులకు చేరి పైకి తేలుతున్నాయి. యజమాని అక్కడికి ఎలా వచ్చాడన్నది నువ్వు కల్పించుకో. అతనికి ఆ రాత్రి గొంతు లేదు, పేరు లేదు. ఎవరో కూలి మనిషి అనుకుని ఆ రైతు అతని చేతికి డీజిల్ ఇంజను తాడు ఇస్తుంది. ప్యాంటు మోకాళ్ల దాకా బురద, అరచేయి కోసుకుపోయింది, అయినా లాగుతూనే ఉన్నాడు. లెక్కలు సరిచూడడానికి మేనమామతో వచ్చిన మన అమ్మాయి టార్చిలైటు అటు తిప్పుతుంది. పేరు, హోదా, సంతకం అన్నీ పోయాక మిగిలిన మనిషిని ఆమె మొదటిసారి అప్పుడు చూస్తుంది. ఒక్క మాట కూడా పెట్టకు. తెల్లారాక ఆ రైతు అందరితో పాటు అతనికీ గ్లాసులో టీ పోసి ఇస్తుంది, అంతే.

సోమారామం దృశ్యం కార్తీకమాసంలో పెట్టాలని నీకు అనిపిస్తుంది. పెట్టు, జనం బాగా ఉంటారు. అయితే అతన్ని అక్కడ మొక్కించి శాపం పోగొట్టకు. ఆ గుడిలో శివుడి పై అంతస్తులో అన్నపూర్ణాదేవి ఉంటుంది. మెట్లెక్కి పైకి వెళ్లి, అందరితో వరుసలో నిలబడి, ముందుకు రమ్మని పిలిచినా వరుస తప్పకపోవడం చాలు. పాత మనిషైతే ప్రత్యేక దర్శనం అడిగి ఉండేవాడు.

సంభాషణల్లో జాగ్రత్త. గోదావరి జిల్లాల కథ అనగానే అందరి నోటా ఆయ్, అండి కుమ్మరిస్తారు, వేషం వేసినట్టు ఉంటుంది. అతను ఆమెను మీరు అనే పిలవాలి, ఆమె కూడా అంతే. ప్లాంటులో పెద్దవాళ్లు మాత్రం ఆమెను అమ్మాయీ అంటారు, ఏమ్మా అంటారు. అతని తల్లి పాత్ర నువ్వు బాగా రాశావు, ముట్టుకోవద్దు.

ముగింపు గురించి చాలా ఆలోచించాను. ఆమె రాజీనామా చేయాలి. అలిగి కాదు, త్యాగమూ కాదు. పాలకొల్లులో ఇంకో ఉద్యోగం, ఇప్పటికంటే మంచి జీతం చూసుకుని, తన ఇష్టంతో వెళ్లాలి. ఆమె అతని కింద పనిచేసినంతకాలం అతను ఇష్టపడడం పక్షపాతమే అవుతుంది, ఆమె ఒప్పుకోవడం ఒప్పుకోవడమో, తప్పించుకోలేకపోవడమో ఎవరికీ తెలియదు. రాజీనామా పత్రం అమావాస్యనాడు ఇస్తుంది, అతని సంతకం పడదు. ఉండమని చెప్పడానికి గొంతు కూడా లేదు. పౌర్ణమి దాకా ఆ కాగితం బల్ల మీదే ఉంటుంది. రోజుకు కొంచెం చొప్పున బలం తిరిగి వస్తున్నవాడు, సంతకం పెట్టకుండా ఉంచేసే వీలు ఉన్నవాడు, పున్నమినాడు పెడతాడు. సిరా నల్లగా నిలుస్తుంది. ఆ నెలలోనే పాత కాటా చీటీలన్నీ తీయించి, కోత పెట్టిన ప్రతి కిలోకూ డబ్బు తిరిగి కట్టిస్తాడు. ఆ లెక్క వేసేది ఆమె తర్వాత వచ్చిన సహాయకుడు, ఆమె కాదు.

శాపం పూర్తిగా తీరిపోవాలా అని నన్ను అడుగుతావు. చంద్రుడికి పూర్తిగా తీరలేదు. శివుడు దయతలిస్తే పక్షం తరిగి పక్షం పెరిగేలా సర్దుబాటు అయింది. నీ కథానాయకుడికి కూడా నెలలో ఒక్క రోజు మిగల్చమని నా సలహా. ఆ రోజు అతను ఆఫీసుకు వెళ్లడు, సాయంత్రం బండికి పాలకొల్లు వెళ్లి స్టేషను బయట నిలబడతాడు. ఎవరూ గుర్తుపట్టరు. ఆమె గుర్తుపడుతుంది, ఎందుకంటే ఆమెకు తిథి తెలుసు. పెళ్లి దాకా తీసుకువెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం. నా ఓటు మాత్రం వద్దనే, చదివేవాళ్లే చేసుకుంటారు.

ఇంకొక్క పని. రాయడానికి కూర్చునే ముందు ఒకసారి పట్టుబడి దగ్గరకు వెళ్లి రా. మీ నాన్నకు తెలిసిన రైతులు ఉండనే ఉన్నారు. కాటా దగ్గర నిలబడి ఎవరు ఎవరి ముఖం చూస్తున్నారో గమనించు, కౌంటు చెప్పేటప్పుడు రైతు చేతులు ఎక్కడ ఉంటాయో చూడు. నోటుపుస్తకం బయటికి తీయకు, నిన్ను కంపెనీ మనిషి అనుకుంటారు. దసరాకు వచ్చేటప్పుడు చెక్కుల దృశ్యమూ, అమావాస్య రాత్రీ రాసి తీసుకురా. కాగితం మీద అచ్చు వేయించుకుని రా, ఫోనులో చదివితే నా కళ్లు లాగుతున్నాయి. మీ అమ్మను ఆవకాయ జాడీ పంపమను, కిందటిసారిది అయిపోయింది.

ఇట్లు,
మీ మేనత్త